ఘాటు ఎక్కడుంది

శనివారం ఆఖరి పీరియడు.
టైంటేబుల్లో దాని పేరు 'ఇతరములు'.
ఏటుకూరు రోడ్డు మీద టిక్కీల లారీ పోయింది,
ఎనిమిదో తరగతి మొత్తం తుమ్మింది.

చాక్‌పీసు పక్కన పెట్టి అడిగాను:
ఘాటు మిరపకాయలో ఉందా, మన ముక్కులో ఉందా?

"కాయలోనే" అన్నారు, ఎక్కం అప్పజెప్పినంత తేలిగ్గా.
ఏసుపాదం మాత్రం "గైడులో ఏముంది సార్?" అన్నాడు.
గైడులో లేదురా. నాకూ తెలీదు.
సారుకు తెలీదనడం వాళ్లు వినడం అదే మొదలు.
బెంచీలు కాస్త ముందుకు జరిగాయి.

చివరి వరసలోంచి మస్తాన్‌బీ లేచింది.
"మా అమ్మ పదేళ్లుగా కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసుద్ది.
ఆమెకి దగ్గు రాదు సార్.
ఇంటికొచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుంటే
వాడు కళ్లు మండి ఏడుస్తాడు.
చెయ్యి అదే, కాయ అదే.
మరి అమ్మ దగ్గర ఘాటు ఎటు పోయినట్టు?"

అలవాటన్నాడొకడు.
అలవాటైతే లేనట్టా, అంది ఇంకొకతె.
కోటిరత్నం నోట్సు మూసేసి
"మనకి అలవాటైపోయినవి ఇంకేమున్నాయి సార్?"
అంది, మెల్లగా,
ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.
కిటికీ అవతల హెడ్మాస్టరుగారు:
"ఏ పాఠం ఇది? ఎన్ని మార్కులకొస్తుంది?"

సోమవారం యూనిట్ టెస్టు.
'కూలిని నిర్ణయించేది ______'
మస్తాన్‌బీ 'గిరాకీ' అని ఖాళీ నింపింది.
దాని కిందే, పెన్సిల్‌తో, సన్నగా:
"ఎవరన్నారు?"

పై దానికి ఒక మార్కు వేశాను.
కింది దానికి ఎంత వెయ్యాలో తోచలేదు.
ఆ కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది,
క్యారేజీ కింద,
ఓ మూల నూనె మరకతో.