లోపలి జేబు

మాణిక్యబాయి వేషానికి
ఇప్పటికి మూడుసార్లు జాకెట్ కుట్టిన.
మూడు ఒళ్ళు, మూడు కొలతలు.
అసలు కొలత మా నాయిన నోట్‌బుక్కులనే ఉన్నది:
అమరచింత బాయమ్మ. మోచేతుల దాక చేతులు.
ఎడమ పక్క లోపల ఒక జేబు,
నాలుగు వేళ్ళ లోతు, పెన్సిల్ పట్టాలె.

మొదటిసారి టౌన్‌హాల్‌ల నాటకం.
బాయమ్మ అయింది లెక్కల సారు నర్సింహాచారి.
మీసం తీసిన చోటు లైట్లకు పచ్చగ మెరిసింది.
రాస్తున్నదని చూపియ్యాలె గద,
చెయ్యి గాలిలకు ఎగిరేసి ఆకాశం దిక్కు చూసిండు.
ఒకటే చప్పట్లు.
పక్క కుర్చీల మా నాయిన గొణిగిండు:
రాసేటప్పుడు ఆమె కిందికి చూసేది.
మీద ఏమున్నది, పాలమూరు ఆకాశం,
మబ్బు గూడ అప్పు దెచ్చుకోవాలె.

రెండోసారి సినిమా.
పట్నం నుంచి నాలుగు వ్యాన్లు దిగినయి.
హీరోయిన్ కొలతలు ఫోన్ల వచ్చినయి, మనిషి రాలే.
తెల్లచీర, కిటికి, దీపం,
కండ్లల్ల రెండేసి చుక్కల గ్లిజరిన్.
జేబు సంగతి డైరెక్టర్‌కు చెప్పిన.
కెమెరాకు కనపడదమ్మా, అన్నడు.
కనపడొద్దనే గద సారూ జేబు!
కుట్టిన. దానికి పైసలు అడగలే.

ఇగ నవల సంగతి.
"తెడ్డు"ల ఈరమ్మ
కట్టమీద మట్టి మోసి మోసి
ఒకనాడు మేస్త్రి పెట్టెలకెల్లి బాకీ కాయితం గుంజుకొని
రాత్రికి రాత్రి కృష్ణల పుట్టి దోసుకుంట పోతది.
చివరి పేజీ నిండ నీళ్ళే.
ఒడ్డు చేరిందా లేదా, బాయమ్మ చెప్పలే.
మా గల్లీల యాభై ఏండ్ల సంది అదే కొట్లాట.
చేరింది, అంటది మా అమ్మ, అంతే, ఇంకో మాట లేదు.
బీడీల ఆకు కత్తిరించుకుంట సుగుణవ్వ అనేది,
చేరకుంటే ఏమాయె, తెడ్డు ఆమె చేతులనే ఉన్నది గద.

సినిమాల అవతలి ఒడ్డున హీరో నిలబడ్డడు
టార్చిలైటు పట్టుకొని.
మట్టి మోసేటోళ్ళంత వాని ఎనుక వరుసగ ఊగిండ్రు,
చేతుల నిండ కొత్త గాజులు.
ఆట అయిపోయి జనం పోతున్నా మా అమ్మ లేవలే.
పుట్టి ఏడ కట్టేసిండ్రో చూపియ్యలేదేందే, అన్నది.

మూడోసారి పోయిన శ్రావణం.
కల్వకుర్తి పిల్ల శివలీల, డిగ్రీ రెండో ఏడు,
ఒక్కతే ఆడే నాటకం.
టేపు చుడితే కితకితలని నవ్వింది.
బాయమ్మ ఎట్ల రాసేది ఆంటీ, అని అడిగింది.
నేను సూడలే బిడ్డా.
నాయిన చెప్పింది చెప్పిన:
వడ్లమిల్లు చిట్టీల ఎనుక రాసేదట.
చిటికెడు నస్యం పీల్చి,
తుమ్ము వచ్చేదాక ఆగి,
తుమ్మినంకనే వాక్యం మొదలుపెట్టేదట.

స్టేజి మీద కుర్చీ లేదు, దీపం లేదు.
పిల్ల కింద కూసున్నది. వంగింది.
తుమ్మింది.
హాలంత నవ్వింది. నేనూ నవ్విన.
ఆ నవ్వు ఇంక సద్దుమణగకముందే
జేబులకెల్లి పెన్సిల్ ముక్క తీసి
రాయబట్టింది.
ఎంతసేపు రాసిందో.
మాట లేదు, పాట లేదు,
కాయితం మీద పెన్సిల్ గీరుడు ఒక్కటే.
ఎనుక వరుసల ఎవరో దగ్గబోయి ఆపుకున్నరు.
మా నాయిన ఉంటే బాగుండు అనుకున్న.

అయిపోయినంక ఉరుక్కుంట వచ్చింది,
మొహానికి రంగు అట్లనే ఉన్నది.
అదే జేబుల చెయ్యి పెట్టి బస్ పాస్ తీసింది.
మస్తు పనికొచ్చింది ఆంటీ,
తొమ్మిదింటికి ఆఖరు బస్సు.
పోయింది.

జాకెట్ వాపస్ ఇయ్యలే. నేను అడగలే.
నోట్‌బుక్కుల బాయమ్మ పేరు పక్కన
నాయిన రాత: బాకీ ఆరణాలు.
దాని కింద జాగ ఉంటే
శివలీల కొలత ఎక్కించిన.