సున్నా దగ్గర

పేరుకి గడువు తీరి ఇరవై ఏడు రోజులయిందని
నేనే చెప్పాల్సి వచ్చింది ఎతిరాజులు గారికి.
షావుకారుపేటలో త్రాసులు బాగుచేస్తారాయన.
ఆ కొట్టు మీదే, మెట్ల మలుపు గదిలో
నేను జనం జీఎస్టీలు కడుతుంటాను.

"పోలేదులెండి, ఇంకా మూడు రోజులుంది" అన్నాను.
గుండ్లు తుడిచే గుడ్డతోనే కళ్లజోడు తుడుచుకుని
తెర మీదికి వంగారు.
ఆయన పేరు కొట్టిన చోట
ఎవరివో ప్రకటనలు: చవక త్రాసులు, ఇంటికే డెలివరీ,
మోకాళ్ల నొప్పులకి నూనె.
"మన బోర్డు కింద ఇంకెవడో కొట్టు పెట్టాడే" అన్నారు,
కోపంగా కాదు,
నూనె సీసా ధర చదువుతూ.

పేటలో ఎవరి త్రాసుకి ముద్ర ఏ నెలలో తీరుతుందో
ఈయన గోడ మీద సుద్దతో రాసుంటుంది:
బెల్లం మండీ, చేపల సెల్వి,
పాత కాగితాలు కొనే సేటు.
తనది మాత్రం లేదు.

ఏటా రేటు పెంచి, ఫోనెత్తని ఆ పాత రిజిస్ట్రారు
ముందు బాకీ కట్టు, తర్వాత వెళ్లు అన్నాడు.
కట్టాం. తాళం తీశాడు.
బదిలీ కోడ్ మెయిల్‌కి పంపానన్నాడు.
ఏ మెయిల్‌కి?
పన్నెండేళ్ల కిందట సైటు కట్టిన
రాయపురం ఫ్రాన్సిస్ మెయిల్‌కి.
ఫ్రాన్సిస్ ఇప్పుడు కంప్యూటర్లు మానేసి
కాశిమేడులో పడవ ఇంజన్లు విప్పుతున్నాడు.

మూడో రోజుకి దొరికాడు.
పాస్‌వర్డు గుర్తుందట, వాళ్ల నాన్న పడవ నంబరు.
ఇంజను మోతలోంచి
ఒక్కొక్క అక్షరమే అరిచాడు.
ఎతిరాజులు గారు పెన్సిలుతో
పాత ముద్ర కాగితం వెనక రాసుకున్నారు.
పదహారు.

కొట్టాను. చెల్లదంది.
మళ్లీ కొట్టాను. చెల్లదంది.
ఆయన కాగితం కంటికి దగ్గరగా పెట్టుకున్నారు.
"తొమ్మిదోది. వాడన్నది సున్నానా, ఓ నా?"
ఏదైతేనేం, రెండూ గుండ్రమేగా అన్నాను విసుగ్గా.
తూకంలో వేలు పెట్టినవాణ్ణి చూసినట్టు
చూశారు నన్ను.
"సున్నా దగ్గర తప్పితే
ఆపైన ఎంత పెట్టినా తప్పేనమ్మా."

ఓ కొట్టాను. తీసుకుంది.

ఐదు రోజులు పడుతుందన్నాడు కొత్తవాడు.
అందాకా పేరు ఎక్కడుంటుందని అడిగారు.
అటూ పూర్తిగా లేదు, ఇటూ పూర్తిగా రాలేదు అన్నాను.
"ముల్లు ఆడుతోందన్నమాట"
అని దిగిపోయారు.

ఐదో రోజు కరెంటు లేదు.
మెయిలు ఫోన్లో చూసి కిందికొస్తే కొట్టు మూసుంది.
మింట్ వీధిలో ఎవరిదో కాటా ఇరుక్కుందట.
ఫోన్ చేసి చెప్పాను.
"ఎప్పటిదాకా?" అన్నారు, అంతే.
తేదీ చెప్పాను.

సాయంత్రం చూస్తే
బెల్లం మండీకీ చేపల సెల్వికీ మధ్య సందులో
ఆ తేదీ ఇరికించి ఉంది.
పేరు రాసుకోలేదు.
సున్నాకి మాత్రం
అడ్డంగా ఒక గీత.