ఎరుపు తగ్గించినది

రాయదుర్గం బండి దిగి, టికెట్ల మిషను భుజానే ఉండగా
కండక్టరు సుంకమ్మ కళ్యాణదుర్గం బస్టాండు పక్క
నా అంగడి మెట్టెక్కింది.
చేతిరుమాల్లో చుట్టిన సీడీ.
పైన బాల్‌పెన్ను రాత ఇంకా చెరగలేదు: ఎడారి రేసు.
"తిప్పన్నా, ఇది ఆడుతుందేమో చూడు.
తొమ్మిదిన్నరకు మళ్లా డ్యూటీ ఎక్కాల."

కొత్త కంప్యూటర్లకు సీడీ మింగే నోరే లేదు.
అటక మీదినుంచి పాత డ్రైవు దింపి
దుమ్ము ఊది వైరు తగిలిస్తి.
ముసలి ఎద్దులా రెండుసార్లు రొప్పి తిరిగింది.

తెర మాత్రం నలుపు.
లోపల ఇంజను గుర్రుమంటోంది,
బల్బు పోయిన టాకీసులో మాటలొక్కటే నడిచినట్టు.
కుడి బటను నొక్కి లోపలికి పోయి
"నువ్వింకా ఆ కాలం కంప్యూటరువే" అని
దానికో అబద్ధం చెబితి. నమ్మింది.
బొమ్మ వెలిగింది, అగ్గిపెట్టెంత, ఒక మూల.
ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టిన చిన్న ఫైలు
ఆట ఉన్న ఫోల్డర్లో పడేస్తి.
అది దుబాసి. ఆట పాత భాషలో అడిగింది
కొత్త కార్డుకు తెలిసేట్టు చెబుతుంది.

తెర నిండింది. సుంకమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.
జెండా ఊపీ ఊపకముందే
కారు పోయి బండకు గుద్దుకుంది.
మళ్లా. మళ్లా.
ఆట తప్పేం లేదు,
మిషను ఎంత ఉరికితే అంత ఉరకమని నేర్పినారు దానికి.
అప్పటి మిషన్లు కుంటుతా ఉరికేవి.
పగ్గం వేసి, సెకనుకు ముప్పై బొమ్మలు మించొద్దంటి.
కారు కారులా కదిలింది.
గెలిచిన మొహం పెట్టుకుని నేను వెనక్కి వాలితి.

ఆమె మీటలు ముట్టలేదు.
"ఇది గాదన్నా."
"ఇదే. పేరు చూడు."
"నా నల్లకారు యాడ?"
వరసలో ఎర్రది, పసుపుది, నీలిది. నల్లది లేనేలేదు.
"పైరు యాడ? దోవకు రెండుపక్కలా
వరిమడి మాదిరి పచ్చగ ఉండె గదా."
"ఆట పేరే ఎడారి రేసు, సుంకమ్మా."
"నాకు తెల్దా? రాసింది నేనే.
పేరుదేముంది, మన చెరువుకూ చెరువనే పేరు."

ఇంక సరిచేయడానికి ఏం మిగల్లేదు.
డ్రైవర్లు మార్చినా, బిట్లు మార్చినా ఇసుక ఇసుకే.
బెళుగుప్ప చేలకంటే ఒక చాయ తక్కువ,
గింజ పట్టని రంగు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఖాజామోదీన్ సాబు నెట్ సెంటరు, మూడో నంబరు మానిటరు.
కసువూడ్చేటప్పుడు వైరు ఊడొస్తే
వంకరగా పెట్టి అదిమింది నేనే.
పదైదు పిన్నుల్లో మొదటిది వంగింది.
ఎరుపు మోసే పిన్ను.
సాబుకు చెప్పలేదు. నా జీతం మూడువందలు,
మానిటరు ఆరువేలు.

ఆ తెరలో ఎర్రకారు నల్లకారయ్యింది.
పసుపుపచ్చలోంచి ఎరుపు తీసేస్తే
మిగిలేది ఆకుపచ్చ.
ఆ ఏడు వాన లేదు. శెనిగ ఊడ దిగకుండానే మాడింది.
ఇంట్లో ఎద్దుల్ని సంతకు తోలిన సాయంత్రం కూడా
ఈ పిల్ల పది రూపాయలు చేతిలో పెట్టి
మూడో నంబరే కావాలని నిలబడింది,
ఒకటీ రెండూ ఖాళీగున్నా.

మానిటరు కింది బటన్లు నొక్కుతా
ఎరుపును సున్నా దాకా దించితి.
ఇసుక మీద కాలవ నీళ్లు పారినట్టు పచ్చన పాకింది.
మబ్బులు పాచిపట్టినాయి. కారు నల్లబడింది.
సుంకమ్మ ఏమీ అనలేదు.
టికెట్ల మిషను ఒళ్లోకి తీసుకుని
మలుపు మలుపుకూ తానే వంగుతా నడిపింది.
నాలుగో స్థానం.

పిన్ను సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.
బస్టాండు మైకు ఆమె బండిని పిలిచింది.

పొద్దున పనిపిల్లోడొచ్చి, రంగు చెడిందని గాబరాపడి
బాగుచేసేస్తాడని మానిటరుకు చీటీ అంటిస్తి.
ఏం రాయాలో చానాసేపు తెలీలేదు.

ఎరుపు తగ్గించినది.
ఎవరూ సరిచేయొద్దు.