గాలి అంటే పిరం

మిర్చి యార్డుల తొడిమెలు దీసి దీసి మండే చేతులతోని
చీకటి పడ్డంక షరీఫా బీ ఇంటికి పోత.
దమ్మామ్‌ల పదకొండేండ్లు వంట చేసొచ్చిన మనిషి,
ఇప్పుడు ధర్మాబాద్ స్టేషన్ ముంగట ఉడుకు గుడ్లు అమ్ముతది.
ఫీజు ఏందంటే, వారానికి పావు కిలో తాలు మిరప.

మొదటి పాఠం, బికమ్. ఎంతకు అని.
ఆమె ఉల్లిగడ్డ చూపెడ్తది, బికమ్ అంటున్న.
చెప్పు చూపెడ్తది, బికమ్.
గోడ మీది బల్లిని చూపెడ్తె
ఇద్దరం కడుపు వట్టుకొని నవ్వినం.

రెండోది గాలి.
గాలా? మా దిక్కు గాలి ఫుకట్ గదా అన్న.
"గాలి కాదే నర్సుబాయి, గొంతులకెళ్ళి రావాలె. ఘాలి.
పిరం అన్నట్టు.
వాడు ధర చెప్పంగనే మొఖం ముడువు,
ఘాలి వాజిద్ అను,
రెండడుగులు ఎన్కకు పో."
ఎన్కకు పోవుడు నాకు ఎవలు నేర్పాలె?
సోమారం అంగట్ల వంకాయల కాడ నేర్చిందే.
మరాఠీల మొదలువెడ్త, కోపమొస్తె తెలుగు,
రాజీ మాత్రం ఉర్దూల.

ఆఖర్ కలామ్ అంటే ఆఖరి మాటంట.
అరె, ఇది మనదే గదా!
ఇంకేమున్నయి మనయి అని అడిగిన.
గుడ్డు పొట్టు తీసుకుంటనే చెప్పింది.
బాకీ. వసూల్. జమ. ఖర్చు.
జప్తు గూడ.
ఆగి, దలాల్ గూడ అన్నది.
సావుకారు చిట్టీల ఉన్నన్ని మాటలు
నాకన్న ముందుగాల్నే ఆ దేశం నుంచొచ్చి
మా ఇంట్ల పీట ఏసుకొని కూసున్నయి.

యార్డుల మొగోళ్ళు తువ్వాల కింద వేళ్ళు వట్టి
మాట లేకుంట బేరం తెంపుతరు.
ఇరవై ఏండ్ల సంది చూస్తున్న,
ఒక్క ఆడిదాని చెయ్యి ఆ గుడ్డ కిందికి పోలే.
ఇయ్యాల షరీఫా బీ కొంగు కప్పి
నా ఐదు వేళ్ళు గట్టిగ వట్టింది. ఖమ్సా.
నా మిరప మంట ఆమెకు అంటింది.
స్స్ అన్నది గని ఇడువలే.

రేపు బిలోలి నుంచి ఏజెంటు వస్తడు.
వీసాకు తొంభై వేలంట.
నా నెల జీతం ఎంతనో
ఆడెవలో ఈడెవలో అప్పుడే అనుకున్నరంట.

"టమాటకు బేరం నేర్పిన," అన్నది షరీఫా బీ చెయ్యి కడుక్కుంట,
"మనిషికి ఎట్ల చెయ్యాలెనో
నాకే ఎవలూ చెప్పలే."

రానియ్. ధర చెప్పనియ్.
మొఖం ముడుస్త,
రెండడుగులు ఎన్కకు పోత.
పిలుస్తడో లేదో చూడాలె.