బరువుగా బయటికెళ్ళేది

మాక్వాలా కంప్యూటర్ తెరుచుకునేలోపు
కెటిల్లో నీళ్ళు రెండుసార్లు మరిగి చల్లారాయి.
అంబ్రోలౌరి తేనె రైతుల సంఘం, జనవరి,
కిటికీ అవతల రియోని నది
అంచుల్లో గడ్డకట్టి, నడుమ మాత్రం నల్లగా పారుతోంది.
బల్ల కింద ఫ్యాను
మెట్లెక్కిన ముసలి కుక్కలా రొప్పుతోంది.

ఆమె వంగి, డబ్బాకి చెవి ఆనించింది,
చలికాలం తేనెపెట్టెకి ఆనించినట్టే.
"ఇది ఏడుపు," అంది. "ఈ గూట్లో రాణి లేదు."

కుటాయిసి నుంచి బస్సులో వచ్చినవాణ్ణి,
నా దగ్గర అంత చెవి లేదు.
టాస్క్ మేనేజర్ తెరిచాను.

పేర్లు. పేర్ల కింద పేర్లు.
ఎస్‌వీసీహోస్ట్ ఒకటి కాదు, అరవై ఏడు.
"ఒకే పేరుతో ఇంతమందా? దొంగల ముఠా!"
కాదండీ, ఒకే చొక్కా తొడుక్కున్న నౌకర్లు వీళ్ళు,
ఒకడు వైఫై చూస్తాడు, ఒకడు ప్రింటరు, ఒకడు గడియారం.
"మరి ఇతను? ఐడిల్‌ట, తొంభై ఒక్క శాతం మింగేస్తున్నాడు!"
అది మింగడం కాదు. అది ఖాళీ.
పని లేకపోవడానికి పెట్టుకున్న పేరు.
"ఓహో, పోతుటీగలు," అని నవ్వింది,
"మా ఆడవాళ్ళైతే చలికి ముందే గెంటేస్తారు."
దీన్ని గెంటనక్కర్లేదు,
పని తలుపు తట్టగానే తనే జరిగి చోటిస్తుంది.

అప్పుడు విన్నాను.
ఫ్యాను ఆగిపోయింది.

టాస్క్ మేనేజర్ మూశాను. రొప్పు.
తెరిచాను. నిశ్శబ్దం.
మూశాను. రొప్పు.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
దీపం వెలిగినప్పుడల్లా నిద్ర నటించేవాడు
ఈ ఇంట్లో ఉన్నాడు.

మాక్వాలా టీ పోసింది. తొందరేమీ లేనట్టు చెప్పింది:
"దోపిడీ ఈగని రంగు చూసి పట్టలేవు.
అదీ తేనెటీగే, అవే రెక్కలు, అదే రొద.
గుమ్మం దగ్గర కూర్చుని బరువు చూడు.
మనది తేలిగ్గా వెళ్ళి బరువుగా వస్తుంది.
దొంగ తేలిగ్గా వచ్చి
బరువుగా వెళ్తుంది."

పేరు మార్చిన ఇంకో పనిముట్టు తెచ్చి
గుమ్మం దగ్గర కూర్చున్నాను.
ఏమొస్తోంది అని కాదు,
ఏం వెళ్తోంది అని.

అరవై ఏడుగురిలో లేని అరవై ఎనిమిదోవాడు.
అదే చొక్కా, కానీ బొత్తాలు తప్పు:
ఎస్, వీ, సీ కాదు; ఎస్, సీ, వీ.
ఉండాల్సింది సిస్టమ్ గదిలో,
పడుకున్నది తాత్కాలిక ఫైళ్ళ చెత్తబుట్టలో.
ఊరూ పేరూ తెలియని ఎవరికో నాణేలు తవ్విపెడుతూ
ఈ సంఘం కరెంటు బిల్లు తాగుతూ.
ముందు కేబుల్ పీకి, తరవాత వాణ్ణి పీకాను.
మొలకెత్తే వేళ్ళకోసం రిజిస్ట్రీ అంతా తవ్వాను.

మిగిలింది ఇంకొకటి. సంతకం లేదు, తయారీదారు లేడు,
రోజూ రాత్రి రెండింటికి లేస్తుంది.
చెయ్యి డిలీట్ మీదికి వెళ్ళింది.
"ఆగు," అంది మాక్వాలా. "అది వాజా రాసింది.
కాటాల మీద పెట్టెల బరువు రాసుకుంటుంది.
వాజా బతుమిలో ఓడల లెక్కలు చూస్తున్నాడిప్పుడు,
ఇది మాత్రం పని మానలేదు."
తెరిచి చూశాను. నిజమే, అంకెలు. పెట్టెకొక వరస.
పద్నాలుగో పెట్టె రోజుకి ముప్ఫై గ్రాములు తరుగుతోంది.
వదిలేశాను.

కంప్యూటర్ అయినా నెమ్మదే. డిస్కుకి పన్నెండేళ్ళు.
ముసలితనానికి యాంటీవైరస్ లేదని చెప్పాను.
"నాకు తెలియదూ," అంది మోకాలు రుద్దుకుంటూ.

డబ్బుకి బదులు చెస్ట్‌నట్ తేనె సీసాలు మూడు,
ముదురు రంగు, చేదు నాలుకకి అంటుకుంటుంది.
బస్సు దాకా మోసుకెళ్తుంటే
గుమ్మంలో నిలబడి అరిచింది:
"ఏయ్, తేలిగ్గా వచ్చినవాడా!"