ఈ తీరానికి మాత్రమే

చుట్టకి రెండో పట్టీ ఒకటి, ఎర్రటిది.
గల్ఫ్‌కి మాత్రమే అని దాని మీద బంగారు అక్షరాలు.
లండన్‌లో దొరకదు, ముంబైలో దొరకదు,
చుట్టిన ఊళ్లోనే దొరకదట.
నా వీసా లాంటిదే,
ఇక్కడ తప్ప ఎక్కడా చెల్లదు.

మనామాలో, జుఫైర్ సందులో
దేవదారు చెక్కల గదికి నేను కాపలా.
బయట నలభై ఆరు డిగ్రీలు. లోపల పద్దెనిమిది.
తేమ ముల్లు అరవై ఎనిమిది మీద నిలబడాలి,
అది జారితే నా జీతం జారుతుంది.
ఆకుకి చెమట పట్టకూడదు, ఆకు ఎండకూడదు.
మా క్యాంపు గదిలో ఏసీ పాడై పన్నెండు రోజులు,
అక్కడ ఏ ముల్లూ లేదు.

ఆరేళ్లుగా అప్పజెబుతున్నాను:
దేవదారు, తోలు, వేయించిన కాఫీ, చివర్లో మిరియం.
కార్డు మీద ఉన్నదే, ఎక్కం చదివినట్టు.
ఒక్కటీ నోట పెట్టింది లేదు.
ఒక్కోటీ నా పదకొండు రోజుల జీతం.

మొన్న గురువారం కొత్త పెట్టె తెరిచాం.
పదిలో ఒకదానికి పై ఆకు చీలింది, గోరంత.
మేనేజరు గస్సాన్ దీపానికెత్తి చూసి
నాలిక చప్పరించాడు.
"కూర్మారావ్, ఇది అమ్మలేం. నువ్వే కాల్చు.
దీని కార్డు ఇంకా రాలేదు,
ఎలా ఉందో రేపు నువ్వే చెప్పు."

డ్యూటీ దిగి రేవుకి నడిచాను.
రాతి కట్ట మీద కూర్చుని
కత్తెర లేక పళ్లతో కొరికాను.
మూడు అగ్గిపుల్లలు గాలి తిన్నది. నాలుగోది నాకు వదిలింది.

దేవదారు లేదు.
తోలు లేదు.
సిగరెట్టు అలవాటున పొగ మింగేసి దగ్గాను,
పక్కన గాలం వేసుకున్న మలయాళీ నవ్వాడు.

అర అంగుళం కాలాక నాలిక కుదురుకుంది.
పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీ,
ఆ నల్లనూనె చురుకు.
ఆ వెనక తాటిబెల్లం, అడుగంటింది.
ఆ వెనక తడిసిన తాడు.
ఉప్పు మాత్రం చుట్టదో సముద్రానిదో తేలలేదు.

తాడు దగ్గర ఆగిపోయాను.
మా మామ్మ దాలమ్మ అడ్డపొగ తాగేది.
నిప్పు నోట్లోకి, చల్లటి కొస బయటికి.
భావనపాడు ఒడ్డున రెండు చేతులూ వల తాడు మీద ఉంటే
బుగ్గలో నిప్పుతోనే చేపల బేరం ఆడేది.
"నిప్పు బయటెట్టుకుంటే గాలే తాగీస్తాది,
మరి నానేటి తాగీది?"

అంగిట్లో తెల్లమచ్చలు లేచాయి.
విశాఖ పెద్దాసుపత్రిలో డాక్టరు
చదువుకునే పిల్లల్ని పిలిచి చూపించాడు,
అరగంట నోరు తెరిచి కూర్చుంది.
బయటికొచ్చి అడిగిన మొదటి మాట, అగ్గిపెట్టేదిరా?
ఆ పొగా ఆ తీరానికి మాత్రమే.
దానికెవరూ ఎర్రపట్టీ కట్టలేదు.

మలయాళీ అటు తిరిగి ఉన్నాడు.
చుట్ట తిప్పాను.

ఆమెది చిటికెన వేలంత. ఇది బొటనవేలికన్నా లావు.
పెదాలు మూతపడలేదు, నాలిక మూతపడింది.
ఉమ్మేశాను.
పదకొండు రోజులు నీళ్ల మీద తేలాయి.
చేపపిల్లలు వచ్చి పొడిచి, వదిలేశాయి.
"ఎరకి కూడా పనికిరాదు," అన్నాడు మలయాళీ,
వాసన పీల్చి, "ఎంతేంటి?"
చెప్పలేదు.

పొద్దున గస్సాన్ పెన్ను తీశాడు.
బొబ్బెక్కిన నాలికతో మాట మందంగా వచ్చింది.
"దేవదారు," అన్నాను. రాసుకున్నాడు.
"తోలు." రాసుకున్నాడు.
"చివర్లో?"
"తడిసిన తాడు."
తలెత్తి చూశాడు. నేను ముల్లు వైపు చూశాను.
అదీ రాసుకున్నాడు.

రాత్రి యాకూబ్ గారు వచ్చారు,
తాతల నాడు ముత్యాలకి మునిగిన ఇంటివారు.
కార్డు చదివి, "తాడా?" అని పెద్దగా నవ్వారు.
మూడో పొగకి
నవ్వు ఆపేశారు.