ఉల్లిపొర రంగు

ఫోన్లో అది ఉల్లిపొర రంగు.
కవరు చింపితే బీట్‌రూటు.

చీర పక్కన పెట్టి చూశాను,
ట్యూబ్‌లైటు కింద, వంటింటి కిటికీలో, గుమ్మంలో.
రెండూ ఒకే పీట మీద కూర్చోమన్నాయి.

వాపసు ఎందుకని అడిగింది ఫోను.
ఆరు కారణాలిచ్చి ఒకటి ఎంచుకోమంది.
సైజు చాలలేదా, మనసు మారిందా,
ఆలస్యంగా వచ్చిందా.
చీర ఒప్పుకోలేదన్నది అందులో లేదు.
'ఇతర' అని నొక్కాను.
ఫొటో అడిగింది. తీశాను.
ఫొటోలో అది మళ్ళీ ఉల్లిపొర రంగే.

సోమవారం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా
ఇంట్లో ఉండమన్నారు. ఉన్నాను.
స్నానానికెళ్ళిన ఏడు నిమిషాల్లో
'కస్టమర్ అందుబాటులో లేరు' అని మెసేజి.
మంగళవారం వాన, యశవంతపుర అండర్‌పాస్‌లో మోకాటి లోతు నీళ్ళు.
బుధవారం ఒక గొంతు హిందీలో
మా క్రాస్ ఎక్కడని అడిగి
నా కన్నడం విని పెట్టేసింది.

గురువారం వచ్చాడు దస్తగిరి.
హెల్మెట్ తీశాక గాని గుర్తుపట్టలేదు.
మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో
శెట్టిగారి మ్యాచింగ్ సెంటర్‌లో
ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండేవాడు.
మేం కింది నుంచి రంగు పేరు అరిస్తే
పైనుంచి తాను విసిరేవాడు:
ఆనందా బ్లూ, రామా గ్రీను, మెంతి, ఇటుకపొడి,
నెమలికంఠంలోనే నాలుగు రకాలు.
కదిరి యాస అలాగే ఉంది.
నిచ్చెన పోయి బండి వచ్చింది.

"ఏదీ, ఇట్లా తేండి అక్కా"
గుడ్డ అందుకుని, చీర కూడా అడిగి
బాల్కనీ కొసకి నడిచాడు.
ఎవరూ చెప్పలేదు. కాళ్ళే తీసుకెళ్ళాయి.
అంచు మీద ఆనించి
బొటనవేలితో నలిపి
ఎండకి ఒక్కసారి ఎత్తి
"యాడ ఉల్లిపొర? బీట్‌రూటు ఇది.
ఒక్క ఉతుక్కి చీరని గూడా తింటాది."

అప్పుడు తన ఫోను తీసి గుడ్డ మీద పట్టాడు.
అది కాసేపు గిరగిరా తిరిగి
సరిపోయింది, అంది.
అడిగిందీ ఇదే, వచ్చిందీ ఇదే,
వాపసుకి కారణం కనబడలేదు.

ఆ పచ్చ టిక్కు వంక
ఇద్దరం కాసేపు చూస్తూ నిలబడ్డాం.
"నేను సూసింది సెప్పేదానికి
దీంట్లో బటన్ లేదక్కా" అన్నాడు.

మంచినీళ్ళు తాగాడు.
ఇంకా నలభై మూడు ఇళ్ళున్నాయట.
శెట్టిగారి సంగతి అడిగితే
అంగడి మూసి నాలుగు నెలలైందన్నాడు.
ఇప్పుడందులో పది నిమిషాల్లో పాలు పంపే కంపెనీ,
షట్టరు ఎప్పుడూ సగం దించే ఉంటుంది.
ఆయన మాత్రం పొద్దున్నే స్నానం చేసి
పాత వేళకే వస్తాడట.
పూలమ్మే చౌడమ్మ గట్టు మీద కూర్చుని
వచ్చే పోయే చీరలకి పేర్లు చెబుతాడట.
రంగు తప్పిన జాకెట్టు కనిపిస్తే
తల తిప్పుకుంటాడట.

దస్తగిరికి చెప్పనిది ఒకటుంది.

నేను ఆఖరిసారి ఆ కొట్టుకెళ్ళింది
కొనడానికి కాదు.
శెట్టిగారు ఈ చీరనే రోడ్డు మీది ఎండలోకి తెచ్చి
ముక్కల కట్ట విప్పి
ఒక్కొక్కటే ఆనించి, పెదవి విరిచి, పక్కన పెట్టి,
పన్నెండోది నా చేతిలో పెట్టారు.
చీర దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంది.
ఇంట్లో అడిగి వస్తానని చెప్పి
ఆ ముక్కకి ఫొటో తీసుకున్నాను.
ఆ ఫొటో పెట్టి వెతికితేనే దొరికింది
ఈ బీట్‌రూటు,
నలభై రూపాయలు తక్కువకి.

ఫొటో తీస్తుంటే
ఆయన నీడ గుడ్డ మీద పడింది.
"ఉండమ్మా" అని
ఒక అడుగు పక్కకి జరిగారు,
వెలుతురు బాగా పడాలని.